తోటల ఫోటోలను బృందమంతయు కలిసి క్లౌడులో భద్రపరచుకొను విధము

ఉద్దానము తీరమునందలి రైతులకు అక్టోబరు నెల వచ్చినదనగానే గుండెలో గుబులు పుట్టుట సహజము. 2013వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన పైలిన్ తుపాను గోపాలపూర్ వద్ద తీరము దాటినది. సరిగా ఏడాది తిరుగునప్పటికి, 2014 అక్టోబరు 12వ తేదీన, హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము వద్ద తీరము దాటినది. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపముననే తీరము దాటినది. అప్పుడు గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగముతో వీచిన గాలికి కొబ్బరి, జీడి, పనస తోటలు నేలకొరిగినవి. పొడవు రకము కొబ్బరి మొక్క నాటిన ఆరేడు సంవత్సరములకు గాని కాపునకు రాదు. కావున పడిపోయిన చెట్టు ఒక పంట నష్టము కాదు, ఆరేడు సంవత్సరముల బ్రతుకుతెరువు నష్టము.

ఇట్టి సమయమున నష్టమును లెక్కించుటకు వచ్చు బృందము ముందుగా అడుగు ప్రశ్న ఒక్కటే: "ఇక్కడ ఎన్ని చెట్లు ఉండెడివి?" ఈ ప్రశ్నకు నోటిమాటతో చెప్పు సమాధానముకంటె, తుపానుకు ముందు తీసిన ఫోటో గట్టి సాక్ష్యము. ఈనాడు గ్రామములలో సెల్‌ఫోను లేని ఇల్లు అరుదు. ఫోటోలు తీయుటలో మనవారు వెనుకబడినవారు కారు. కాని తీసిన ఫోటోను పోకుండ దాచుట, కావలసినప్పుడు వెదకి తీయుట, పదిమంది తీసిన ఫోటోలను ఒకచోట చేర్చుట అను మూడు పనులలో మనమింకను శ్రద్ధ వహించవలసియున్నది. ఆ విధానమును ఈ వ్యాసమున వివరింతును.

ఒక అనుభవము

తిత్లీ తుపాను తరువాత ఉద్దానమునందలి ఒక గ్రామమున పడిపోయిన చెట్లను లెక్కించు బృందములో నేను పనిచేసితిని. కరెంటు లేదు. ఫోనులకు సిగ్నలు లేదు. ట్రాక్టరు బ్యాటరీతో ఫోనులకు ఛార్జి పెట్టుకొనుచు తోట తోటకు తిరిగితిమి. మూడు దినములలో తీసిన ఫోటోలన్నియు మాలో ఒకరి ఫోనులోనే ఉండెను. మూడవనాటి సాయంకాలము ఆ ఫోను నీటిలో పడి పాడైపోయినది. వేరొక ప్రతి ఎవరివద్దను లేదు.

మరల అవే తోటలకు వెళ్లితిమి. ఒక పెద్దాయన, "బాబూ, మొన్ననే లెక్కెట్టీసినారు గదేటి? మల్లీ ఎందుకొచ్చినారు?" అని అడిగినాడు. మావద్ద సమాధానము లేకపోయినది. అప్పటికే కొందరు పడిన చెట్లను కోయించి, మొద్దులు తీయించి, గోతులు పూడ్చుకొనిరి. వారిలో ఒక వితంతువు ఉన్నది. ఆమె చెప్పిన చెట్ల సంఖ్యకు, ఇరుగుపొరుగు సాక్షులు చెప్పిన సంఖ్యకు తేడా వచ్చినది. చివరకు తక్కువ సంఖ్యయే వ్రాయవలసివచ్చినది. ఆమె మొదటి లెక్కయే నిజమని మాకు తెలియును. మా కన్నులతో చూచితిమి. కాని చూపుటకు ఆధారము లేదు. తప్పు ఆమెది కాదు, మాది.

అదే గ్రామమున మరియొక రైతు కుమారుడు దూరప్రాంతమున ఉద్యోగము చేయుచున్నాడు. అతడు అంతకు ముందు సంక్రాంతికి వచ్చినప్పుడు తోటలో తిరిగి సరదాగా ఫోటోలు తీసుకొని, తన క్లౌడు ఖాతాలో ఉంచుకొన్నాడు. సిగ్నలు వచ్చిన తరువాత అతడు అక్కడనుండియే ఆ ఫోటోలను పంపినాడు. వరుసలు లెక్కించి చూడగా రైతు చెప్పిన సంఖ్య సరిపోయినది. సరదాకు తీసిన ఫోటో ఆ కుటుంబమునకు అక్కరకు వచ్చినది. బుద్ధిపూర్వకముగా తీసి, పద్ధతిగా దాచినచో ఇంకెంత ఉపయోగమో మీరే ఊహింపవచ్చును.

క్లౌడనగా నేమి?

క్లౌడనగా మేఘము. కాని మన ఫోటోలు ఆకాశమున ఉండవు. దూరమున గల పెద్ద భవనములలో వేలకొలది కంప్యూటర్లు రాత్రింబవళ్లు నడచుచుండును. మన ఫోనులోని ఫోటో ఇంటర్నెట్టు ద్వారా అక్కడికి చేరి నిల్వయుండును. ఒక యంత్రము చెడినను ఫోటో పోకుండుటకై దాని ప్రతులు వేర్వేరు యంత్రములలో ఉంచబడును. ఇట్టి గొప్ప కేంద్రము నొకదానిని విశాఖపట్నమున నిర్మింపనున్నట్లు గూగుల్ సంస్థ 2025 అక్టోబరు నెలలో ప్రకటించినది.

దీనిని మన వాడుకలోని దానితో పోల్చి చెప్పెదను. రైతు ధాన్యమును ఇంటి ముందు పురి కట్టి నిల్వచేయును. ఇల్లు కాలినను, వరద వచ్చినను పురి పోవును. అదే ధాన్యమును గిడ్డంగిలో ఉంచి రశీదు తీసుకొన్నచో, ఇంటికి ఏమైనను ధాన్యము నిలుచును; రశీదు చూపి తీసుకొనవచ్చును. ఫోను పురివంటిది, క్లౌడు గిడ్డంగివంటిది. మీ ఖాతా పేరు, పాస్‌వర్డు రశీదువంటివి. రశీదు పోగొట్టుకొన్నవాని గతియే పాస్‌వర్డు మరచినవానికిని పట్టును.

అయితే గిడ్డంగికి దారి కావలెను గదా! సిగ్నలు లేనినాడు క్లౌడునకు ఫోటో పంపలేము, తెప్పించుకొనలేము. తుపాను వచ్చిన తరువాత పంపుదమనుకొనుట పొరపాటు. ముందుగా పంపినవి మాత్రమే ఆనాడు క్షేమముగా ఉండును.

బృందమునకు ఒక ఖాతా

రైతు సేవా కేంద్రమునందలి వ్యవసాయ సహాయకులు, ఉద్యాన సహాయకులు, గ్రామ రెవిన్యూ అధికారి, రైతు ఉత్పత్తిదారుల సంఘ సభ్యులు కలిసి ఒక బృందముగా ఏర్పడవచ్చును. ఆ బృందము పేరున ఒక ప్రత్యేకమైన ఖాతా తెరువవలెను. ఎవరి సొంత ఖాతాను బృందమునకు వాడరాదు. ఆ వ్యక్తి బదిలీ అయిననాడు లెక్కలన్నియు ఆయన వెంట పోవును.

గూగుల్ ఖాతా తెరచినవారికి 15 జి.బి. స్థలము ఉచితముగా లభించును. డ్రైవు, ఫోటోలు, జీమెయిలు ఈ మూడును ఆ స్థలమునే పంచుకొనును. ఈ వ్యాసమున ఆ పద్ధతినే ఉదాహరణగా తీసుకొన్నాను. ఇతర సంస్థల సేవలలోను సూత్రము ఇంచుమించు ఇదియే. ఖాతా తెరచునప్పుడు ఈ జాగ్రత్తలు తీసుకొనవలెను.

1. ఖాతాను చూచుకొనుటకు ఒక బాధ్యుని, ఆయన లేనప్పుడు చూచుటకు మరియొకరిని ఎన్నుకొనవలెను. పాస్‌వర్డు ఈ ఇరువురికి మాత్రమే తెలియవలెను. తక్కినవారికి దానితో పనిలేదు. వారు తమ తమ ఖాతాలనుండియే ఫోటోలు పంపవచ్చును.

2. రెండంచెల ధ్రువీకరణను అమలుపరచవలెను. అప్పుడు పాస్‌వర్డు దొంగిలించినవాడు సైతము ఫోనుకు వచ్చు సంకేతము లేనిదే లోనికి పోజాలడు. ఆ సంకేతమును ఎవరడిగినను చెప్పరాదు.

3. ఫోను పోయినప్పుడు వాడుకొనుటకై ఖాతావారు కొన్ని అత్యవసర సంకేతములను ఇత్తురు. వాటిని కాగితముపై వ్రాసి కార్యాలయపు బీరువాలో ఉంచవలెను.

4. రెండు సంవత్సరములు ఎవరును తెరువని ఖాతాలను గూగుల్ సంస్థ తొలగించవచ్చును. కావున నెలకొకసారియైనను ఖాతాను తెరచి చూచుచుండవలెను.

ఫోటో తీయు పద్ధతి

చక్కగా దాచిన చెడ్డ ఫోటోవలన ప్రయోజనము లేదు. ప్రతి తోటకు కనీసము నాలుగు ఫోటోలు తీయవలెను.

మొదటిది, తోట గట్టున నిలిచి తోట మొత్తము కనబడునట్లు. ఇందులో గుడి, బావి, కరెంటు స్తంభము, దిబ్బ వంటి కదలని గుర్తు ఏదైన ఒకటి ఉండవలెను. రెండవది, తోట లోపలనుండి చెట్ల వరుసలు లెక్కకు అందునట్లు. మూడవది, చెట్టు మొదలు లేక దెబ్బతిన్న భాగము దగ్గరగా. నాలుగవది, పలకపై సుద్దముక్కతో గ్రామము, సర్వే నంబరు, తేదీ వ్రాసి, దానిని చెట్టుకు ఆనించి తీసినది. ఈ పలక ఫోటో చిన్నపనిగా తోచవచ్చును. కాని ఫోటో ఎన్ని చేతులు మారినను, ఏ వివరములు చెరిగినను, పలకపై వ్రాత మాత్రము చెరగదు.

పడిన చెట్లను లెక్కించునప్పుడు ప్రతి మొద్దుపైన సున్నముతో వరుస అంకె వేసి ఫోటో తీసినచో, ఒకే చెట్టు రెండుసార్లు లెక్కకు వచ్చుటగాని, ఒక చెట్టు విడిచిపోవుటగాని జరుగదు.

కెమెరా తెరచుటకు ముందు ఫోనులో లొకేషను అమర్పును పనిచేయునట్లు ఉంచవలెను. అప్పుడు ఫోటో తీసిన తేదీ, గంట, అక్షాంశ రేఖాంశములు ఫోటోతోపాటు దాని లోపల నమోదగును. దట్టమైన కొబ్బరితోటలో ఆకుల అడ్డమువలన ఈ స్థానము కొన్ని మీటర్లు తప్పవచ్చును. కావున ఒక నిమిషము ఆగి, వీలైనచో ఆకాశము కనబడు చోట నిలిచి తీయవలెను.

తీసిన ఫోటోకు ఎట్టి మెరుగులు దిద్దరాదు. ఈనాటి ఫోనులలో ఫోటోనుండి ఒక చెట్టును తీసివేయుటకు, ఒక చెట్టును చేర్చుటకు సాధనములు వచ్చియున్నవి. ఇందుచేతనే ఫోటోను చూచువారికి అనుమానము కలుగుట సహజము. మార్పుచేయని అసలు ఫోటోయే ఆ అనుమానమునకు జవాబు.

వాట్సాప్‌తో వచ్చు చిక్కు

మన గ్రామములలో ఫోటోలు పంచుకొనుటకు వాట్సాప్ గ్రూపు అలవాటు. కబురు చెప్పుకొనుటకు అది మంచిదే. కాని భద్రపరచుటకు తగదు. వాట్సాప్‌లో ఫోటోగా పంపినప్పుడు దాని పరిమాణము కుదించబడును. ఆకుపైని చిన్న పురుగు వివరము చెడును. అంతకంటె ముఖ్యముగా, ఫోటోలోని స్థానము, తీసిన వేళ మొదలగు వివరములు తొలగిపోవును. ఇక సాక్ష్యముగా దాని విలువ చాలవరకు తగ్గును. తప్పనిసరియై వాట్సాప్‌లోనే పంపవలసివచ్చినచో, ఫోటోగా గాక డాక్యుమెంటుగా పంపవలెను. అట్లు పంపిన ఫైలు ఉన్నదున్నట్లు చేరును.

పేర్లు, ఫోల్డర్లు

వేయి ఫోటోలు ఒకే కుప్పగా పోసినచో అవి ఉన్నట్లును కాదు, లేనట్లును కాదు. జీడిపిక్కలను కొలతను బట్టి వేరుచేయనిదే వెల కట్టలేనట్లే, ఫోటోలను వేరుచేయనిదే వాడుకొనలేము. డ్రైవులో మొదట సంవత్సరము పేరున ఒక ఫోల్డరు, దాని లోపల గ్రామము పేరున ఒకటి, దాని లోపల కొబ్బరి, జీడి, వరి అని పంటల పేర్లతో ఫోల్డర్లు ఉంచవలెను. టెక్కలి వైపు వరి ఎక్కువగా గల గ్రామములలో ఖరీఫు, రబీ అని కాలమును బట్టి కూడ విడదీయవచ్చును.

ఫోటో పేరులో మొదట సంవత్సరము, తరువాత నెల, తరువాత తేదీ వ్రాయవలెను. ఉదాహరణకు 2025 సెప్టెంబరు 8వ తేదీన తీసినదానికి "2025-09-08, కొబ్బరి, సర్వే నంబరు, వరుస 1" అని పేరిడవలెను. ఇట్లు సంవత్సరము ముందు వ్రాసినచో ఫోటోలు కాలక్రమమున తమంతట తామే వరుసకు వచ్చును. తేదీని ముందు వ్రాసినచో అన్ని నెలల 8వ తేదీలు ఒకచోట చేరి వరుస చెడును. పేరులో రైతు పేరు వ్రాయరాదు. సర్వే నంబరు చాలును. కారణము ముందు చెప్పెదను.

ఎంత స్థలము కావలెను?

ఫోటో పరిమాణము ఫోనును బట్టి మారును. సుమారుగా ఒక ఫోటో 4 ఎం.బి. అనుకొందము. 15 జి.బి. అనగా ఇంచుమించు 15,000 ఎం.బి. అందులో 3,750 ఫోటోలు పట్టును. ఒక గ్రామమున 400 తోటలున్నవని, తోటకు నాలుగు చొప్పున 1,600 ఫోటోలు తీసితిమని అనుకొందము. 4 ఎం.బి. చొప్పున 6,400 ఎం.బి. అగును. రెండు సంవత్సరములలో ఖాతా నిండును. అదే కెమెరా అమర్పులో పరిమాణము తగ్గించి ఒక ఎం.బి.కి వచ్చునట్లు చేసినచో 1,600 ఎం.బి. మాత్రమే అగును, తొమ్మిది సంవత్సరములు సరిపోవును. తోట మొత్తము చూపు ఫోటోలకు ఈ పరిమాణము చాలును. తెగులు, పురుగు దగ్గరగా చూపు ఫోటోలకు మాత్రము పూర్తి పరిమాణము వాడవలెను.

తుపాను తరువాత లెక్కింపులో సంగతి వేరు. ఎనిమిదిమంది సభ్యులు రోజునకు 30 చొప్పున 240 ఫోటోలు తీసినచో, 4 ఎం.బి. లెక్కన 960 ఎం.బి. అగును. పదిహేను దినములలో ఖాతా నిండును. అది నిండిన తరువాత కొత్త ఫోటోలు ఎక్కవు. కావున సెప్టెంబరు నెలలోనే ఎంత స్థలము మిగిలియున్నదో చూచుకొనవలెను. చాలనిచో రుసుము చెల్లించి స్థలము పెంచుకొనుట, లేదా పాత ఫోటోలను డిస్కులోనికి దించి ఖాళీ చేసుకొనుట మంచిది.

ఫోటోలను వైఫై గల చోట ఎక్కించినచో మొబైలు డేటా ఖర్చు కలిసివచ్చును. సిగ్నలు తక్కువగా ఉన్న గ్రామములలో రాత్రివేళ ఎక్కించుట సులభము. ఎక్కించిన పిమ్మట వేరొక ఫోనునుండి తెరచి చూచి, నిజముగా చేరినవో లేదో నిర్ధారణ చేసుకొన్న తరువాతనే ఫోనులోనివి తీసివేయవలెను.

పంచుకొనుటలో హక్కులు

ఫోల్డరును ఇతరులతో పంచుకొనునప్పుడు వారికి ఏ హక్కు ఇచ్చుచున్నామో ఆలోచించవలెను. చూచు హక్కు గలవారు ఫోటోలను చూడగలరు. వ్యాఖ్య హక్కు గలవారు చూచి అభిప్రాయము వ్రాయగలరు. మార్చు హక్కు గలవారు ఫోటోలు ఎక్కించగలరు, పేర్లు మార్చగలరు, ఫోల్డరునుండి తీసివేయగలరు. కావున మార్చు హక్కును ఫోటోలు తీయు సభ్యులకు మాత్రమే ఇచ్చి, తక్కినవారికి చూచు హక్కు ఇచ్చిన చాలును.

"లింకు ఉన్నవారెవరైనను" అను అమర్పును వాడరాదు. ఆ లింకు ఒక గ్రూపునుండి మరియొక గ్రూపునకు ప్రాకి ఎవరి చేతిలోనైనను పడవచ్చును. ఒక్కొక్క సభ్యుని మెయిలు చిరునామా వ్రాసి, వారికి మాత్రమే తలుపు తెరువవలెను. సభ్యుడు బదిలీ అయిననాడే ఆయన పేరు తీసివేయవలెను.

ఇక చాలమంది గమనింపని సంగతి యొకటి కలదు. మామూలు ఖాతాలో పంచుకొన్న ఫోల్డరులో ఎవరు ఎక్కించిన ఫోటో వారి సొత్తుగానే ఉండును. దాని స్థలము వారి ఖాతాలోనే లెక్కకు వచ్చును. ఆయన ఆ ఫోటోను పూర్తిగా తుడిచివేసినను, తన ఖాతాను మూసివేసినను, మన ఫోల్డరునుండి ఆ ఫోటో మాయమగును. పొలము మనదైనను పంట కౌలుదారుదైనట్లన్నమాట. కావున నెలకొకసారి బాధ్యుడు కంప్యూటరు వద్ద కూర్చుండి, సభ్యులు ఎక్కించిన ఫోటోలకు బృందము ఖాతాలో ప్రతులు తీయవలెను. అట్లు తీసిన ప్రతి బృందము సొత్తగును.

తుడిచివేయుటలో జాగ్రత్త

ఫోను నిండినదని ఫోటోలు తుడుచునప్పుడు పెక్కుమంది నష్టపోవుచున్నారు. గూగుల్ ఫోటోలలో బ్యాకప్ అమర్పు ఉన్నప్పుడు, ఆ యాప్‌లో ఒక ఫోటోను తుడిచినచో అది ఫోనునుండియే గాక క్లౌడునుండి కూడ పోవును. ఫోనులో స్థలము మాత్రమే ఖాళీ చేయదలచినవారు, స్థలమును ఖాళీ చేయుటకై ఆ యాప్‌లోనే ప్రత్యేకముగా ఇచ్చిన మీటను నొక్కవలెను. అది క్లౌడునకు చేరిన ఫోటోలను మాత్రమే ఫోనునుండి తీసివేయును.

పొరపాటున తుడిచినచో వెంటనే నిరాశ చెందనక్కరలేదు. క్లౌడునకు చేరిన ఫోటోలు ఫోటోల యాప్ చెత్తబుట్టలో 60 దినములు, డ్రైవు చెత్తబుట్టలో 30 దినములు నిలిచియుండును. ఆ గడువులోపల తిరిగి తెచ్చుకొనవచ్చును. గడువు దాటినచో తెచ్చుకొనుట సాధ్యముకాదు.

క్లౌడు ఒక్కటే చాలునని భావింపరాదు. తెలిసిన రైతు విత్తనమును ఒకేచోట ఉంచడు. ప్రతి ఫోటో ఫోనులో ఒకటి, క్లౌడులో ఒకటి, బయటి హార్డుడిస్కులో ఒకటిగా మూడు ప్రతులు ఉండవలెను. ఆ డిస్కును పాలిథీను సంచిలో చుట్టి, నీరు చేరని ఎత్తైన చోట ఉంచవలెను.

తెగుళ్ల గుర్తింపులో ఉపయోగము

తుపాను నష్టమునకే గాక పురుగుల నివారణకును ఈ భాండారము మిక్కిలి ఉపయోగకరము. సర్పిలాకార తెల్లదోమ మన దేశమున 2016లో మొదట కనబడినది. నేడు ఉద్దానము కొబ్బరికి అది పెద్ద బెడదయైనది. ఆకు అడుగున చుట్టలు చుట్టలుగా గ్రుడ్లు, తెల్లని మైనపు పూత, దిగువ ఆకులపై నల్లని మసి దీని గుర్తులు. ఎన్‌కార్సియా అను అతి చిన్న మిత్రకీటకము దీని పిల్లపురుగులలో పెరిగి వాటిని చంపును. అది ఆశించిన పిల్లపురుగులపైన గుండ్రని చిన్న రంధ్రములు కనబడును. ఆకు అడుగును దగ్గరగా, స్పష్టముగా తీసిన ఫోటోలో ఈ రంధ్రములు కనబడినచో, మిత్రకీటకము పనిచేయుచున్నదని నిపుణులు గ్రహించి, పురుగుమందు చల్లవలదని సలహా ఇత్తురు. మందు చల్లినచో శత్రువుతోపాటు మిత్రుడును చచ్చును.

అట్లే కొత్త ఆకులు కత్తిరించినట్లు ఉన్నచో కొమ్ముపురుగు, కాండముపై రంధ్రములనుండి గోధుమరంగు జిగురు కారుచున్నచో ఎర్రముక్కు పురుగు అని అనుమానింపవలెను. అదే చెట్టును వారమునకొకసారి అదే వైపునుండి ఫోటో తీసి ఉంచినచో, తెగులు పెరుగుచున్నదో తగ్గుచున్నదో తెలియును. ఆ ఫోల్డరును అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానము, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రము వంటి సంస్థల శాస్త్రజ్ఞులకు చూచు హక్కుతో పంపినచో, వారు వచ్చులోపలనే సంగతిని గ్రహించుటకు వీలగును. ఒక గ్రామమున కనబడిన పురుగు ప్రక్క గ్రామమునకు ఎప్పుడు చేరినదో కూడ బృందమునకు తెలియును. ఒక్కని ఫోనులోని ఫోటోతో ఇది సాధ్యము కాదు.

రైతు గౌరవము, రహస్యము

ఫోటో రైతు మేలుకొరకు. అతనిని రచ్చకెక్కించుటకు కాదు. ఫోటో తీయుటకు ముందు ఎందుకు తీయుచున్నామో, ఎక్కడ దాచెదమో, ఎవరు చూచెదరో చెప్పి సమ్మతి తీసుకొనవలెను. ఆధారు కార్డు, బ్యాంకు పుస్తకము, పట్టాదారు పుస్తకము వంటి వాటి ఫోటోలను ఈ ఫోల్డరులో ఎన్నడును ఉంచరాదు. ఇంటి ఆడవారి, పిల్లల ముఖములు పడకుండ చూచుకొనవలెను. ఫోటో పేరులో రైతు పేరు వ్రాయవలదని పైన చెప్పినది ఇందుకే. ఒకనాడు ఆ ఫోల్డరు పరుల చేతిలో పడినను, ఎవరి తోట ఏదో పేరుతో సహా తెలియరాదు. ఇతరుల సమాచారమును కాపాడు బాధ్యత దానిని సేకరించినవారిదేనని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ఉద్దేశము.

మరియొక మాట. ఈ-పంట నమోదులోను, నష్టపు లెక్కింపులోను శాఖ యాప్‌లో ఎక్కించవలసిన ఫోటోలను అందులోనే, గడువులోపలనే ఎక్కించవలెను. బృందము భాండారము దానికి తోడేగాని, దానికి బదులు కాదు.

రైతు తనకు తానుగా చేయదగినది

బృందము వచ్చువరకు రైతు వేచియుండనక్కరలేదు. ఏటా సెప్టెంబరు నెల మొదటి పక్షమున, తుపానుల కాలము ముంచుకొని రాకముందే, తన తోటకు పైన చెప్పిన నాలుగు ఫోటోలు తీసి తన ఖాతాలో దాచుకొనవలెను. దూరమున ఉన్న కుమారునికిగాని, కుమార్తెకుగాని ఆ ఫోల్డరును చూచు హక్కుతో పంచవలెను. ఊరిలో కరెంటు, సిగ్నలు పోయిననాడు వారు అక్కడనుండి తెరచి చూపగలరు. ఉద్దానము బిడ్డలు దేశమంతట ఉన్నారు గదా. ఆ దూరమే ఆనాడు మనకు రక్ష యగును. నష్టము జరిగిన తరువాత పడిన చెట్లను కోయించుటకు ముందే ఫోటోలు తీయవలెను. అత్యవసరమై దారి తెరువవలసివచ్చినను, ఫోటో తీసిన పిదపనే గొడ్డలి పట్టవలెను. ఫోను వాడుక తెలియని వృద్ధులకు, ఒంటరి స్త్రీలకు ఇరుగుపొరుగు యువకులు ఈ సహాయము చేసినచో ఎంతో మేలు చేసినవారగుదురు.

క్రమమును సంగ్రహముగా చెప్పవలెనన్నచో: జూన్ నెలలో బృందమును ఏర్పరచి ఖాతా, ఫోల్డర్లు సిద్ధపరచవలెను. జూలై, ఆగస్టులలో ప్రతి తోటకు ఫోటోలు తీసి ఎక్కించవలెను. సెప్టెంబరులో విడిచిపోయిన తోటలను పూర్తిచేసి, స్థలము చూచుకొని, డిస్కులోనికి మూడవ ప్రతి తీయవలెను. అక్టోబరు వచ్చునప్పటికి మన ఊరి తోటలన్నియు, చెట్టు చెట్టుగా, భద్రమైన చోట ఉండవలెను.

గాలిని ఆపుట మన చేతిలో లేదు. కాని గాలి తీసుకొనిపోయినదేమో నిజముగా చూపగలుగుట మన చేతిలో ఉన్నది. పైన చెప్పిన వితంతువు పొందవలసినది పొందలేకపోవుటకు కారణము తుపాను కాదు, ఒక ఫోటోకు రెండవ ప్రతి లేకపోవుట. ఇక ఏ రైతుకును అట్టి నష్టము కలుగకుండునట్లు గ్రామోద్యోగులును, రైతు సోదరులును, సోదరీమణులును ఈ సంవత్సరమే ఈ పనికి పూనుకొందురని ఆశించుచున్నాను.